అత్తకు దండం పెట్టు: వరసలూ ఎంగిలీ పిల్లలకు ఎలా ఒంటబడతాయి

(అంగన్‌వాడీ, ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో ఉన్నవాళ్ళు కాస్త ముందుకు జరిగితే నాకు గొంతు చించుకునే పని తప్పుతుంది.

ఇవాళ్టి విషయానికి పాఠ్యపుస్తకాల్లో పేరు సాంఘికీకరణ. నోరు తిరగని మాట. మన ఇళ్ళలో ఇంతకన్నా మంచి మాట ఉంది, ఒంటబట్టడం. ‘వాడికి చదువు ఒంటబట్టలేదు’ అంటాం చూడండి, అది. సంస్కృతి అనగానే పండగలు, కూచిపూడి, పద్యాలు గుర్తొస్తాయి. అవి నేర్పితే వచ్చేవి. గురువుంటాడు, ఫీజుంటుంది, నచ్చకపోతే మానేయొచ్చు. నేను చెప్పబోయేవి అలాంటివి కావు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, అయినా బడికొచ్చే వయసుకు సగానికి పైగా వచ్చేసి ఉంటాయి, ఆ తర్వాత వదిలించుకుందామన్నా వదలవు. వాటిలో రెండే తీసుకుంటాను. ఒకటి వరసలు, రెండోది ఎంగిలి.

ముందు ఒక దృశ్యం చూద్దాం. ఇంట్లో ఎనిమిది నెలల పిల్లాడున్నాడు. వాడి నాన్న వాళ్ళక్క ఊరి నుంచి వచ్చింది. తల్లి పిల్లాణ్ణి ఒళ్ళో తనకు ఎదురుగా కాకుండా వచ్చినావిడ వైపు తిప్పి కూర్చోబెట్టుకుంటుంది. వాడి రెండు చేతులూ పట్టుకుని అరచేతులు కలుపుతుంది. ‘అత్తకు దండం పెట్టు’ అంటుంది. ఆ వెంటనే గొంతు కొంచెం సన్నం చేసి, ‘ఏం అత్తా, నాకేం తెచ్చావ్ అని అడుగు’ అంటుంది.

ఇక్కడ ఆగుదాం. వచ్చినావిడ ఈ తల్లికి ఆడపడుచు. తన నోటితో తాను పిలిస్తే ‘వదినా’ అనాలి. కానీ అన్నది ‘అత్తా’ అని. అంటే ఆ క్షణంలో తల్లి తన నోరు పిల్లాడికి అప్పిచ్చింది. వాడి స్థానంలో నిలబడి, ఆ స్థానంలోంచి లోకం ఎలా కనబడుతుందో వాడి వంతు మాట తనే మాట్లాడి చూపించింది. ఆడపడుచు మాత్రం తక్కువ తిందా! ఆవిడా పిల్లాడితోనే అంటుంది: ‘తెచ్చాన్లే గానీ, మీ అమ్మ నాకు ఇంకా కాఫీ ఇవ్వలేదురా.’ లోపల స్టవ్ వెలుగుతుంది. మాటలు రాని పిల్లాడి మీదుగా ఇద్దరు పెద్దవాళ్ళు ఒక పలకరింపు, ఒక దెప్పు, ఒక మర్యాద అటూ ఇటూ పంపుకున్నారు. వాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కానవసరం కూడా లేదు. ‘అత్త’ అనే మాట, జోడించిన చేతులు, అమ్మ గొంతులో మార్పు, ఈ మూడూ కలిసి వస్తాయన్నది మాత్రం వందలసార్లు చెవిన పడుతుంది.

ఇది మనకే ప్రత్యేకం అనుకోకండి. పాపువా న్యూగినీ అడవుల్లో కలూలి అనే జనం ఉన్నారు. బాంబీ షీఫలిన్ అనే పరిశోధకురాలు 1970లలో వాళ్ళ దగ్గరుండి తల్లుల, పిల్లల మాటలు రికార్డు చేసింది. అక్కడా తల్లి బిడ్డను బయటికి తిప్పి పట్టుకుని, గొంతు సన్నం చేసి, బిడ్డ తరఫున తనే మాట్లాడుతుంది. మాటలు వచ్చాక ‘ఇలా అను’ అని అర్థం వచ్చే మాట తగిలించి వాక్యం అందిస్తుంది. మన ‘అని చెప్పు’, ‘అని అడుగు’ లాంటిదే. ఒక్క తేడా ఉంది. కలూలివాళ్ళు పిల్లలతో ముద్దుమాటలు ఆడరు, పిల్లల భాష గట్టిపడాలంటే పెద్ద మాటే వినాలంటారు. మనకేమో బువ్వ, లాల, జేజ, బజ్జో, బూచాడు అని ఒక చిన్న నిఘంటువే ఉంది. రెండు చోట్లా పిల్లలకు భాష దివ్యంగా వస్తుంది. అందుకని ముద్దుమాటలు ఆడితే పిల్లల భాష పాడవుతుందని తల్లుల్ని భయపెట్టే వాళ్ళ మాట మీరు పట్టించుకోకండి.

ఈ పద్ధతిలో తప్పులు ఎక్కడ జరుగుతాయో చూస్తే అది ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. ఉమ్మడి కుటుంబాల్లో కొందరు పిల్లలు కన్నతల్లిని ‘వదినా’ అని పిలుస్తారు. నవ్వొస్తుంది గానీ, కారణం సులువు. ఇంటినిండా బాబాయిలూ అత్తలూ, అందరూ ఆవిణ్ణి వదినా అనే పిలుస్తారు. పిల్లాడి స్థానంలో నిలబడి ‘అమ్మ’ అని చెప్పేవాళ్ళకన్నా తమ స్థానంలోంచి పిలిచేవాళ్ళే ఎక్కువ. పిల్లాడు లెక్కపెట్టి ఎక్కువ వినబడ్డది తీసుకున్నాడు. అలాగే తల్లి తన తల్లిని ‘అమ్మా’ అంటుంటే విని అమ్మమ్మను ‘అమ్మ’ అనీ, కన్నతల్లిని పేరుపెట్టో ‘అక్కా’ అనో పిలిచే పిల్లలు ఉంటారు. తిట్టి మానిపించబోతే మొండికేస్తారు. చేయాల్సింది పెద్దవాళ్ళే: పిల్లాడు వింటున్నంతసేపూ ‘వదినా’ బదులు ‘అమ్మ ఏదిరా?’, ‘అమ్మనడుగు’ అనాలి. ఇంటిల్లిపాదీ పట్టుదలగా చేస్తే మాట దానంతటదే మారుతుంది. ఒక్కరే చేస్తే మారదు.

ఇప్పుడు వరసల లోపలి లెక్కకు వద్దాం. నాన్న తోడబుట్టిన మగవాళ్ళను నాన్న మాటతోనే పిలుస్తాం: పెదనాన్న, చిన్నాన్న. అమ్మ తోడబుట్టిన ఆడవాళ్ళు అమ్మ మాటతోనే: పెద్దమ్మ, చిన్నమ్మ. తోడబుట్టిన ఇద్దరిలో ఒకరు ఆడ, ఒకరు మగ అయినచోట మాట మారిపోతుంది. నాన్న అక్కచెల్లెళ్ళు అత్తలు, అమ్మ అన్నదమ్ములు మామలు. బాబాయ్, పిన్ని అన్న పిలుపులు వేరుగా వినబడినా ఉండేది చిన్నాన్న, చిన్నమ్మల గళ్ళలోనే. పెద్దమ్మ భర్త ఎవరు? పెదనాన్నే. మామ భార్య అత్తే. అంటే అమ్మానాన్నల తరంలో ఎంతమంది చుట్టాలున్నా నాలుగు గళ్ళలో సర్దేయొచ్చు: అమ్మలు, నాన్నలు, అత్తలు, మామలు. మొదటి రెండు గళ్ళవాళ్ళ పిల్లలు మనకు అన్న, అక్క, తమ్ముడు, చెల్లెలు. తర్వాతి రెండు గళ్ళవాళ్ళ పిల్లలు బావలు, వదినలు, మరదళ్ళు, మరుదులు. మొదటివాళ్ళతో పెళ్ళి ఊసే ఎత్తకూడదు, రెండోవాళ్ళతో వరస కుదురుతుంది. పెళ్ళయ్యాక అత్తగారికీ మామగారికీ వేరే మాటలు వెతుక్కోనక్కర్లేకపోవడం ఇందుకే, ఆ గళ్ళు ముందే సిద్ధంగా ఉన్నాయి.

అమెరికాలో లూయీ హెన్రీ మోర్గన్ అనే న్యాయవాది, న్యూయార్క్ ప్రాంతపు ఇరొక్వా ఆదివాసుల వరసలు సేకరిస్తూ ప్రపంచం నలుమూలలకూ ప్రశ్నపత్రాలు పంపాడు. దక్షిణ భారతం నుంచి తమిళ, తెలుగు వరసలు అందాయి. నాన్న అన్నదమ్ముల్ని నాన్న మాటతో పిలవడం రెండు చోట్లా ఒకేలా ఉందని చూసి ఆయన నివ్వెరపోయాడు. 1871లో అచ్చయిన ఆయన గ్రంథంతోనే వరసల అధ్యయనం ఒక శాస్త్రంగా మొదలైందంటారు. మన పిల్లలు ఏడెనిమిదేళ్ళకు ఆడుతూ పాడుతూ పట్టేసే లెక్క అది.

పట్టేస్తారు గానీ ఒక్కసారిగా కాదు. వయసులు నేను సుమారుగా చెబుతున్నాను, రెండేళ్ళు అటూ ఇటూ వేసుకోండి. రెండేళ్ళ పిల్లకు ‘రవిమామ’ అన్నది ఒక పేరు. ‘మామ’ విడిగా లేదు. మూడు నాలుగేళ్ళకు అది ఒక ఆకారం అవుతుంది, నెరిసిన జుట్టున్న ప్రతివాడూ తాత. అయిదారేళ్ళకు అది సంబంధం అవడం మొదలవుతుంది. స్విట్జర్లాండ్‌లో జాఁ పియాజే అనే మనస్తత్వవేత్త 1920లలో పిల్లల్ని అడిగిన ప్రశ్న ప్రసిద్ధం. ‘నీకు అన్నదమ్ములున్నారా?’ ‘ఉన్నాడు, ఒకడు.’ ‘మరి వాడికి?’ ‘లేరు.’ తాను కూడా ఎవరికో తమ్ముణ్ణన్న సంగతి చిన్నపిల్లలకు తట్టదు. మన పిల్లల మీద భారం ఇంకాస్త ఎక్కువ. ఆ పిల్లల ఫ్రెంచి భాషలో రెండువైపులా ఒకటే మాట సరిపోతుంది. మనకు అటునుంచి చూస్తే మాటే మారాలి. ‘మీ తమ్ముడికి నువ్వేమవుతావు?’ అని నాలుగేళ్ళ పిల్లాణ్ణి అడిగి చూడండి, ‘తమ్ముడు’ అంటాడు. ‘మీ మామకు నువ్వేమవుతావు?’ అంటే బిక్కమొహం వేస్తాడు. మేనల్లుడు అన్న మాట ఎవరూ వాణ్ణి పిలిచేది కాదు, వాడి గురించి చెప్పేది. పిలుపులో లేని మాట ఆలస్యంగా వస్తుంది.

బడిలో పరీక్షించాలంటే ఈ వరుసలో అడగండి. మొదట ‘మీ మామ పేరేమిటి?’ తర్వాత ‘ఆయన మీ అమ్మకు ఏమవుతాడు?’ ఆపైన ‘నువ్వు ఆయనకు ఏమవుతావు?’ ఆఖరున ‘మీ అమ్మ వాళ్ళన్న కొడుకు నీకు ఏమవుతాడు?’ నాలుగోదానికి పేరు చెప్పకుండా వరస చెప్పిందంటే ఆ పిల్లకు లెక్క వచ్చేసినట్టే. బోర్డు మీద నాలుగు గళ్ళు గీసి, పిల్లలచేత తమ చుట్టాలను సర్దించండి. ఇరవై నిమిషాల పని. ఒక్క జాగ్రత్త, తల్లో తండ్రో లేని పిల్లలు క్లాసులో ఉంటే ‘మీ ఇంటి మనుషులు’ బదులు ఒక ఊహాకుటుంబాన్ని గీసి ఆడించండి.

మేనరికపు ఇళ్ళ పిల్లలకు ఇది చిక్కుముడి. అమ్మ తన సొంత మేనమామనే చేసుకుందనుకోండి. అప్పుడు అమ్మమ్మ ఎవరు? నాన్నకు అక్క. అంటే పిల్లకు అమ్మమ్మా ఆవిడే, మేనత్తా ఆవిడే. అమ్మ తమ్ముడు మామ కదా, మేనత్త కొడుకు లెక్కన బావ కూడా. ఒక్క మనిషి రెండు గళ్ళలో కూర్చున్నాడు. సాధారణంగా పెద్ద తరం వరసనే పిలుపుగా ఖాయం చేస్తారు, అమ్మమ్మ అనీ మామ అనీ. రెండోది వేళాకోళానికి పనికొస్తుంది.

వేళాకోళం అన్నాను కదా, అది కూడా బోధనే. అయిదేళ్ళ పిల్లను ‘బావను చేసుకుంటావా?’ అని ఆటపట్టిస్తారు. పెద్దమ్మ కొడుకు విషయంలో అదే మాట ఎవరైనా పొరపాటున అంటే ఇల్లంతా ‘ఛీ, అన్న!’ అని గొల్లుమంటుంది. నవ్వు ఎక్కడ వచ్చింది, ఛీ ఎక్కడ వచ్చిందన్నది పిల్ల గుర్తుపెట్టుకుంటుంది. ఈ పద్ధతి పనిచేస్తుందని చెప్పాను గానీ మంచిదని చెప్పలేదు. పదేళ్ళు దాటిన ఆడపిల్లకు ఆ వేళాకోళం సరదాగా ఉండదు, దాన్ని అప్పటికైనా ఆపాలి.

ప్రాంతాన్నిబట్టి మాటలు మారతాయి. తెలంగాణ ఊళ్ళలో అవ్వ అంటే అమ్మ, రాయలసీమలో అవ్వ అంటే నాయనమ్మో అమ్మమ్మో. కడప వైపు అబ్బ అంటే తాత, పక్కనే ఉర్దూ మాట్లాడే ఇంట్లో అబ్బా అంటే నాన్న. ఆ ఇంటి పిల్లలు ఖాలా (అమ్మ అక్కచెల్లెలు) కొడుకునూ మామూ (మేనమామ) కొడుకునూ కూడా భాయి అంటారు, మన నాలుగు గళ్ళు వాళ్ళ ఇంట్లో లేవు. అయినా వీధిలోకొచ్చి తెలుగువాళ్ళతో మామా, బావా అని వరసలు కలిపేస్తారు. రెండు లెక్కలూ ఒకే బుర్రలో ఇమడడానికి ఇబ్బందేం లేదు. కొత్తగా బదిలీ మీద వచ్చిన టీచర్లు మాత్రం, ‘అవ్వ రాలేదా?’ అని అడిగే ముందు అక్కడ అవ్వ ఎవరో కనుక్కోండి.

ఇక ఎంగిలి. ఈ మాటకు సరిగ్గా సరిపోయే మాట ఎన్నో భాషల్లో లేదు. మురికి కాదు, సూక్ష్మజీవుల భయం కాదు. నోటి తడి తగిలినది ఎంగిలి, అక్కడితో ఆగదు. తినే చెయ్యి ఎంగిలి, ఆ చెయ్యి తాకిన కంచం ఎంగిలి, కంచానికి తగిలిన గరిటె ఎంగిలి, ఆ గరిటె మళ్ళీ గిన్నెలో పెడితే గిన్నెడు పప్పూ ఎంగిలే. గొలుసులా పాకుతుంది. ఈ గొలుసును ఎవరూ పిల్లలకు వివరించరు. గరిటె కంచానికి తగలగానే ‘ఆఁ ఆఁ!’ అన్న అరుపు వస్తుంది, అంతే. నియమం ఎప్పుడూ తప్పు జరిగినప్పుడే నోరు తెరుస్తుంది.

అందులో పిల్లలు తికమకపడే చోటొకటుంది. ‘ఎడమ చేత్తో ఇవ్వకు, కుడి చేత్తో ఇవ్వు’ అని రెండేళ్ళ నుంచీ చెబుతాం. నాలుగేళ్ళకు కంచం ముందు కూర్చున్నాక, ‘కుడి చెయ్యి ఎంగిలి, ఎడమ చేత్తో వడ్డించుకో’ అంటాం. పిల్లాడు తెల్లబోతాడు. పెద్దవాళ్ళకు అది రెండు నియమాలని కూడా తోచదు. ఎడమ చెయ్యి తక్కువదే, కానీ ఎంగిలి అంతకన్నా తక్కువది అన్న మెట్లవరస వాడు తనంతట తాను కట్టుకోవాలి. అయిదారేళ్ళకు కట్టుకుంటాడు. ఈలోగా కొట్టకండి.

ఎత్తి పోసుకుని తాగడం కూడా ఇందులో భాగమే. దీనికి ఒంటి మెళకువ కావాలి. గ్లాసులో పావు వంతుకు మించి నీళ్ళు పోయకూడదు, నిండుగా పోస్తే ఒక్కసారిగా మీద పడతాయి. తల వెనక్కి వాల్చి, సన్నటి ధారగా నాలుక మీద పడేట్టు వంచి, నోరు సగం నిండగానే గ్లాసు నిలబెట్టి మింగాలి. పోస్తూనే మింగబోయినా, ఊపిరి పీల్చినా పొలమారుతుంది. పొలమారగానే నానమ్మ నెత్తి మీద తడుతూ ‘ఎవరో తలుచుకుంటున్నారురా’ అంటుంది. చూశారా, చేసిన పొరపాటుకు కూడా ఒక నమ్మకం సిద్ధంగా ఉంది.

ఎంగిలికి మినహాయింపులున్నాయి, వాటిలో ప్రేమ, హోదా రెండూ కనబడతాయి. బిడ్డ వదిలేసిన ముద్ద తల్లి తినేస్తుంది, అది ఎంగిలి కాదు. పూర్వం భర్త తిన్న విస్తట్లో భార్య తినేది, తిరగేసి ఊహించండి చూద్దాం.

కానీ నాకు అన్నిటికన్నా ఇష్టమైంది కాకి ఎంగిలి. (నవ్వులు) గుర్తొచ్చింది కదా! ఒక జామకాయ, ఇద్దరు స్నేహితులు, కత్తి లేదు. చొక్కా అంచు లాగి కాయ మీద కప్పి, గుడ్డ మీదనుంచి కొరికి ముక్క విరిచి ఇస్తే అది ఎంగిలి కాదు, కాకి ఎంగిలి, తినొచ్చు. ఏ అమ్మా ఇది నేర్పలేదు. చొక్కా మురికి చేసినందుకు అమ్మ కొట్టే అవకాశమే ఎక్కువ. ఎనిమిదేళ్ళవాడు ఆరేళ్ళవాడికి నేర్పుతాడు, వాడు పెద్దయ్యేలోగా ఇంకొకడికి. పెద్దల నియమాన్ని పిల్లలు అక్షరాలా అర్థం చేసుకుని, అందులో సందు వెతికి, పిల్లల మధ్యే తరాలుగా నడుపుకుంటున్న చట్టం ఇది. పిల్లలు మైనపుముద్దలు, మనం ఎలా ఒత్తితే అలా తయారవుతారు అనేవాళ్ళకు ఈ జామకాయ చూపించండి.

ఇప్పుడు కష్టమైన సంగతి. ఇదే దారిన కులం కూడా ఒంటబడుతుంది. పొలంపనికి వచ్చిన మనిషికి ఇచ్చే గ్లాసు కొన్ని ఇళ్ళలో వేరుగా, చూరులోనో పశువుల కొట్టం గోడ మీదో ఉంటుంది. పిల్లకు అప్పటికే ఎంగిలి లెక్క తెలుసు, కడిగితే పోతుంది. ఈ గ్లాసు కడిగారు. అయినా వంటింట్లోకి రాలేదు. అంటే తేడా గ్లాసులో లేదు, తాగిన మనిషిలో ఉంది అన్నమాట. ఎవరూ ఒక్క వాక్యం చెప్పలేదు, పిల్లే తేల్చుకుంది. ‘ఎందుకు?’ అని అడిగితే ‘నోర్ముయ్’ అన్న జవాబు వస్తుంది, అది పాఠాన్ని పూర్తిచేస్తుంది. అరవై ఏళ్ళ పెద్దమనిషిని ఆరేళ్ళవాడు పేరుపెట్టి ‘ఒరే’ అంటాడు, ఆయన వాణ్ణి ‘బాబుగారూ’ అనో ‘దొరా’ అనో అంటాడు. ‘అత్తకు దండం పెట్టు’ అన్నప్పుడు అరచేతులు కలిపినంత సహజంగానే ఇదీ వస్తుంది. అంటరానితనాన్ని నేరం చేస్తూ చట్టం 1955లోనే వచ్చింది. చట్టం వీధిలోకి వచ్చినంత తేలిగ్గా చూరు కిందికి రాదు.

మధ్యాహ్న భోజనం మీ చేతిలో ఉంది. వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఆదేశించింది. 2004 ఏప్రిల్‌లో వంటవాళ్ళ నియామకంలో దళితులకూ ఎస్సీ, ఎస్టీలకూ ప్రాధాన్యం ఇమ్మంది. ఆ ఆదేశం వెనక ఉన్నది ఈ గ్లాసు లెక్కే. బంతిలో పిల్లల్ని ఇష్టమొచ్చినట్టు కూర్చోనిస్తే వాడల ప్రకారం కూర్చుంటారు, వారంలో స్థిరపడిపోతుంది. హాజరుపట్టీ వరసలో కూర్చోబెట్టండి, ప్రతి సోమవారం ఒక స్థానం జరపండి. వడ్డన నలుగురు నలుగురుగా వంతులవారీగా అందరి చేతా చేయించండి. గ్లాసుల మీద పేర్లు రాయించకండి. అందరూ సమానం అని ఉపన్యాసం ఇవ్వొద్దు. చేతులు చేసిన పని చెవులు విన్నదానికన్నా లోతుకు పోతుంది. నేను ఉపన్యాసం ఇస్తూ ఈ మాట అంటున్నాననుకోండి, అది వేరే సంగతి.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: మా మనవడు అమెరికాలో ఉన్నాడు, నాలుగేళ్ళు. వీడియో కాల్‌లో అందరూ వాడికి అంకులూ ఆంటీలే. ఏం చేయాలి?)

అంకుల్, ఆంటీ అన్నవి మన నాలుగు గళ్ళను రెండు చేస్తాయమ్మా, ఇబ్బంది అదే. మామా బాబాయీ ఒకే గంపలో పడితే వాళ్ళ పిల్లలు అన్నో బావో తేలదు. అక్కడ వారానికోసారి తెలుగు తరగతులు నడుస్తున్నాయి, మంచివే, కానీ అక్షరాలు నేర్పినంత బాగా వరసలు నేర్పలేవు, వరసకు మనిషి కావాలి. ఫోన్లో మీరు ‘నేనెవర్ని చెప్పు?’ అని పరీక్ష పెట్టకండి, వాడు సోఫా వెనక దాక్కుంటాడు. మీ కోడలు వాడి పక్కన కూర్చుని, వాడి గొంతుతో ‘నానమ్మా, ఇవాళ నేను పెరుగన్నం తిన్నాను అని చెప్పు’ అనాలి. వాడు సగం చెప్పినా చాలు. మీ తమ్ముడి ఫొటో చూపించి పేరు చెప్పకండి, ‘వీడు మీ నాన్నకు మామ, మీ నాన్న చిన్నప్పుడు వీడి భుజం దిగేవాడు కాదు’ అనండి. వారానికి ఒక్క మనిషి చాలు. నలుగురు తెర మీదికి ఒకేసారి వచ్చి చేతులూపితే వాడికి ఎవరూ గుర్తుండరు. పిల్లాడు వచ్చినప్పుడు ఇక్కడ ఎవరింటికి తీసుకెళ్ళినా గుమ్మంలోకి అడుగుపెట్టకముందే వరస చెవిలో చెప్పండి. లోపలికెళ్ళాక అందరి ముందూ ‘ఏమని పిలవాలి?’ అని నిలదీస్తే మీ చీర చెంగు వెనక్కి పోతాడు.

(సభలోంచి: పిల్లలు బడిలో ఒకే సీసాతో నీళ్ళు తాగుతున్నారు, ఆపాలా?)

జలుబు చేసినవాణ్ణి మాత్రం ఆపండి. మిగతావాళ్ళు ఎత్తి పోసుకుంటున్నారో లేదో చూడండి చాలు. పావు వంతు నీళ్ళు, ధార సన్నగా. మొదటి వారం చొక్కాలు తడుస్తాయి, ఇళ్ళ నుంచి ఫిర్యాదులొస్తాయి, సిద్ధంగా ఉండండి.